మా పందిరి కింది లంకెబిందె

ఆ రోజుల్లో (మరీ రాజుల కాలమేమీ కాదు, మా ఊళ్ళోకి వాట్సాప్ వచ్చిన తరవాతే) నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. తెలిసినవాళ్ళు మాట్లాడుతుంటే ఆగి వినాల్సిన అవసరం కూడా ఉండేది కాదు. ఇప్పుడు వయసు ముప్పై దాటింది, పొట్ట నాకన్నా ముందు నడుస్తోంది, వికారాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి కౌంటరు దగ్గర కూర్చుని "డాక్టరు సారు ఎప్పుడొస్తడు?" అని అడిగినవాళ్ళకు "వస్తున్నడు" అని చెప్పే ఉద్యోగం చేస్తున్నాను. నాకు ఖచ్చితంగా తెలుసని చెప్పుకోగలిగింది ఇప్పుడు ఆ ఒక్క మాటే, అదీ చాలాసార్లు అబద్ధం. కానీ ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి ఉండే జ్ఞానం మళ్ళీ రమ్మన్నా రాదు. ఆ జ్ఞానంతోనే నేను పోలీసు జీపునూ, తహసీల్దారు జీపునూ ఒకే పూట మా ద్రాక్ష పందిరి కిందికి రప్పించాను. మా మండలంలో ఎమ్మెల్యే వచ్చినా రెండు శాఖలూ అంత వేళకు రావు.

కథ మొదలైంది జార్జియాలో. అమెరికాలో ఉన్న జార్జియా కాదు (మా ఊళ్ళో సగం మంది ఇప్పటికీ అదే అనుకుంటారు, పెళ్ళిచూపుల కాలంలో నేనూ సరిదిద్దలేదు), నల్లసముద్రం పక్కన కొండల మధ్య ఉండే చిన్న దేశం. నవాబుపేట దగ్గరి మా పల్లెలో జొన్నలూ కందులూ పండించుకునే మా నాయిన, "ఒక్కగానొక్క కొడుకు డాక్టరయితే సంఘంలో జర తల ఎత్తుకుంట" అని నన్ను అక్కడికి పంపాడు. నేనూ చదవాలనే వెళ్ళాను. కాకపోతే శవాన్ని కోసే గదిలో మూర్ఛపోవడమనేది ఎవరికైనా ఒకసారి జరుగుతుంది, నాకు ప్రతిసారీ జరిగేది. చివరికి మా మాస్టారే, బల్ల మీద ఎవరిని పడుకోబెట్టాలో ఒక్కోసారి తికమకగా ఉంటోందని నవ్వేశాడు. రెండో ఏడు నడుమనే తిరిగొచ్చేశాను. ఊళ్ళో నాకు 'సగం డాక్టర్' అని పేరు పెట్టారు. మావాళ్ళది ధారాళమైన చెయ్యి, నిజానికి నేను పావు కూడా కాను.

అయితే అక్కడ నేను అసలేమీ నేర్చుకోలేదంటే అన్యాయం. నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు ఒక ముసలమ్మ, ఆమెను అందరూ 'బెబో' అనేవారు, అంటే నాయనమ్మ అని. ద్రాక్ష కోతల కాలంలో ఆమె తన పల్లెకు పోతూ నన్నూ తీసుకుపోయింది. అక్కడ ప్రతి ఇంట్లో ఒక గది, గది నేలలో మెడదాకా పూడ్చిన పెద్ద పెద్ద మట్టికుండలు, అడుగు కోడిగుడ్డులాగా సన్నంగా. ద్రాక్షను కాళ్ళతో తొక్కి, రసాన్ని తొక్కలతో, గింజలతో, కాడలతో సహా ఆ కుండల్లో పోస్తారు. అది దానంతట అదే పొంగుతుంది, పొంగినన్ని రోజులు కర్రతో కలుపుతారు. పొంగు చల్లారి తొక్కలు అడుగుకు దిగాక పైన రాతిమూత పెట్టి, తడి మన్నుతో సందులు మూసి, వసంతం దాకా నిద్రపుచ్చుతారు. ఎనిమిది వేల ఏళ్ళుగా ఇదే పద్ధతి అని వాళ్ళు చెప్పుకుంటారు. ఇంట్లో పిల్ల పుడితే ఒక కుండ పూడ్చి, దాని పెళ్ళికి తీస్తారట. తీసిన రోజున ఊరికే తాగరు. ఇంటి పెద్ద లేచి నిలబడి, చచ్చిపోయినవాళ్ళ పేరు చెప్పి, నేల పేరు చెప్పి, వచ్చిన చుట్టాల పేరు చెప్పి, అందరి కళ్ళూ చెమర్చాక గ్లాసు ఎత్తుతాడు. బెబో ఇదంతా నాకు జార్జియన్ భాషలో వివరించింది, నేను తెలుగులో తల ఊపాను. అలా తల ఊపి సంపాదించిన విద్యతో విమానం దిగాను.

దిగేసరికి ఇంట్లో మరో నిర్ణయం జరిగిపోయి ఉంది. ఒకప్పుడు మా పక్క ఊళ్ళన్నీ ద్రాక్షతోటలేనంటారు, నేను పుట్టేనాటికే చాలా తోటలు పోయాయి. మా తాత వేసిన నల్లద్రాక్ష పందిరి మాత్రం మిగిలింది. గింజలెక్కువ, పులుపెక్కువ, అమ్మబోతే కొనేవాడు లేడు. నాయిన దాన్ని పీకించి పత్తి పెడతానన్నాడు. నాయిన గురించి ఒక మాట చెప్పాలి. ఆయన మా చర్చిలో సంఘ పెద్ద. జీవితంలో కల్లు కూడా ముట్టని మనిషి, పెళ్ళి బరాతులో మందు వాసన వస్తే అవతలి వీధి నుంచి తిరిగొచ్చే మనిషి. మాటలు కూడా తాగుడంత చెడ్డ అలవాటని ఆయన నమ్మకం.

"గీ కాపు అయినంక జేసీబీని పిలుస్త. పిట్టలు గూడ ముట్టకుంట వోతున్నయ్ గా పండ్లను" అన్నాడు.

"నాయినా, గీ ఒక్క కాపు నాకిడువు. దసరా దాక టైమియ్యి. గా పండ్లతోనే ఏం జేస్తనో చూస్తవు."

"ఏం జేస్తవ్?"

"రసం తీసి నిలువ జేస్త. అక్కడ నేర్చుకున్న."

నాయిన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "డాక్టర్ సదువు గూడ నేర్చుకుంటివి" అన్నాడు. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "సరే, దసరా దాక" అన్నాడు.

వైను అని ఎందుకు చెప్పలేదంటారా? సంఘ పెద్ద ఇంటి పెరట్లో వైను చేస్తానని చెప్పేంత ధైర్యముంటే నేను శవాల గదిలోనే నిలబడేవాణ్ణి కదా. ఉన్నమాట చెప్పాలంటే నాకు ఆ వైను తాగాలనీ లేదు, అమ్మాలనీ లేదు. 'మావోడు గంత దూరం పోయి ఉత్త చేతులతో రాలే' అని మా నాయిన ఒక్కసారి అనాలి. పందిరి నిలబడితే ఆ మాట అన్నట్టే అనుకున్నాను. పందిరి పోతే నేను జన్మంతా సగం డాక్టరునే.

ముందు కుండ కావాలి. కుమ్మరి పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన చక్రం ఆపకుండానే "పెండ్లికా, దినాలకా?" అన్నాడు. మా దగ్గర కుండకు మూడో అవసరం లేదు. రెండూ కాదు, నేను లోపల కూర్చోగలిగేంత పెద్ద కాగు కావాలి, అడుగు కోడిగుడ్డులాగా ఉండాలి అని చెప్పాను. "గట్ల జేస్తె అది నిలవడదు గద?" అన్నాడు. "భూమిల పూడ్చిపెడ్త, నిలవడ్తది" అన్నాను. అప్పుడు చక్రం ఆగింది. ఆయన నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, ఇంకేమీ అడగలేదు. నా శాస్త్రజ్ఞానానికి ముగ్ధుడైపోయాడని నేను పొంగిపోయాను. కాగు తయారయ్యాక లోపలంతా తేనె మైనం కరిగించి పూశాను, అనంతగిరి అడవిలో తేనె కొట్టేవాళ్ళ దగ్గర కొన్న మైనం. బెబో అలాగే పూసేది (పూసేదనే అనుకుంటున్నాను, ఆ రోజు కూడా నేను తలే ఊపాను).

ఇక మూత. తాండూరు నాపరాయి లోకమంతటికీ పోతుంటే, నా కుండకు ఇంకో రాయి ఎందుకు? తాండూరు పోయి ఒక పాలిషింగ్ యూనిట్లో గుండ్రంగా కోయించాను. కోసే అతను "సమాధికా అన్నా?" అన్నాడు. "కాదు, మూతకు" అన్నాను. "దేనికి మూత?" అంటే చిరునవ్వు నవ్వి, "గది జెప్పేది గాదు" అన్నాను. జీవితంలో గొప్పగా కనిపించాలనే ఆశతో మనిషి చాలా మాటలు అంటాడు, వాటిలో ఇంత ఖరీదైనది నేను మరోటి అనలేదు. ఆ బండను గోనెసంచిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని వికారాబాద్ ప్యాసింజరెక్కితే, ఎదురు సీట్లో మైకు కాక.

మైకు కాక మా ఊరి గొర్ల కాపరి. వావి ఏమిటో నాకు తెలియదు, చిన్నప్పటి నుంచీ కాక అనే అంటాను. ఆయనకు ఒక మాట చెబితే మళ్ళీ ఊళ్ళో డప్పు వేయించాల్సిన పనిలేదు, అందుకని ఆ పేరు. తాండూరులో బిడ్డ ఇంటికి పోయి వస్తున్నాడు.

"ఏందిరా గది?"

"బండ కాక."

"గుండ్రంగున్నదేంది?"

"గుండ్రంగ కోపిచ్చిన."

"ఎందుకు?"

"ఊకనే."

నాపరాళ్ళ మీదే పుట్టి పెరిగిన ప్రాంతంలో ఊకనే రాయిని ఒళ్ళో పెట్టుకుని రైలెక్కేవాడు ఉండడు. కాక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు, వికారాబాద్ దాకా నోరు మెదపలేదు. ఆయన నోరు మూసుకున్నాడంటే లోపల ఎంత పని జరుగుతోందో నేను ఊహించాల్సింది.

ఎండాకాలం మొదట్లో పండ్లు కోశాను. మధ్యాహ్నం ఊరంతా కునుకు తీసే వేళ పందిరి కింద గొయ్యి తవ్వి కాగు దింపాను. బర్రెల కుడితి తొట్టిని రుద్ది రుద్ది కడిగి, అందులో ద్రాక్ష పోసి తొక్కాను. బెబో ఊళ్ళో ఈ పని పాటలు పాడుకుంటూ పదిమంది చేస్తారు. నేనొక్కణ్ణే, మూతి బిగించి, అడుగుల చప్పుడు వినబడకుండా తొక్కాను. మోకాళ్ళ దాకా ఊదారంగు పట్టుకుంది, ఎంత కడిగినా వదల్లేదు. అమ్మ చూసి గుండె బాదుకుంది. "అయ్యో, గా దేశంల ఏం రోగం అంటిచ్చుకొచ్చినవ్‌రా కొడకా, కాళ్ళు గిట్ల కమిలిపొయినయ్!" అని ఇంట్లో ఉన్న పసుపంతా తెచ్చి, సరిపోయినంతవరకు ఒక కాలికి పట్టు వేసింది. వైద్యం సగం చదివినవాణ్ణి కాబట్టి పసుపు మంచిదేనని ఊరుకున్నాను. కొన్ని రోజులు ఒక కాలు ఊదాగా, ఒక కాలు పచ్చగా తిరిగాను.

రసం నిజంగానే పొంగింది. నాకైతే నమ్మకం కుదరలేదు, ఎందుకంటే నేను మొదలుపెట్టిన పని అంతకుముందెప్పుడూ అలా తనంతట తాను ముందుకు పోలేదు. పొంగు చల్లారాక బండ మూసి, ఎర్రమట్టి తడిపి సందులు పూడ్చి, బెబో చేసినట్టే ఆ తడి మట్టి మీద వేలితో ఒక సిలువ గీశాను. ఇంకేం, నిద్రపుచ్చడమే మిగిలింది. కానీ ఎనిమిది వేల ఏళ్ళ ఓపిక జార్జియావాళ్ళకు ఉంటుంది, నవాబుపేట మండలంవాళ్ళకు కాదు. రోజూ మధ్యాహ్నం వెళ్ళి, బోర్లా పడుకుని, ఆ బండకు చెవి ఆనించి లోపల ఏమైనా చప్పుడొస్తోందా అని వినేవాణ్ణి. ఒకరోజు కళ్ళు తెరిచేసరికి నా ముక్కు ముందు గొర్రె మూతి, దాని వెనక కర్ర మీద గడ్డం ఆనించుకుని మైకు కాక.

"భూమికి చెవి వెట్టి ఏం జేస్తున్నవ్‌రా?"

"ఇంటున్న కాక."

"ఏమంటున్నది?"

సరిగ్గా ఇక్కడే నా మేధస్సు మేలుకుంది. కాకను కాస్త ఆటపట్టిద్దామనిపించింది. గొంతు తగ్గించి, "ఇంక జర టైముందంటున్నది" అన్నాను.

కాక గొర్లను అక్కడే వదిలేసి ఊళ్ళోకి నడిచాడు. గొర్లను తోలడానికి కూడా ఆగలేదు. పొద్దుగుంకేలోపు ఊరందరికీ తెలిసిన సంగతి ఏమిటంటే, మా పందిరి కింద జాగీర్దారు కాలంనాటి లంకెబిందెలున్నాయి. నేను జార్జియాలో చదివింది డాక్టరీ కాదు, నేల లోపలి బంగారం కనిపెట్టే చదువు. చదువు సగంలో ఎందుకు ఆపేశానంటే, కావలసింది వచ్చేసింది కనుక. నేను గీసిన సిలువ ఫోటో ఫోన్లలో తిరిగింది, కింద 'క్షుద్ర యంత్రం, జాగ్రత్త' అని రాసి. మా ఇంటి గుమ్మం మీదా, మా తాత సమాధి మీదా అందరూ రోజూ చూసే గుర్తే, మట్టి మీద గీసేసరికి యంత్రమైపోయింది.

ఇక మా ఇంటికి పెరిగిన మర్యాద చెప్పనలవి కాదు. నిన్నటిదాకా సగం డాక్టరని పిలిచినవాళ్ళు "డాక్టర్ సాబ్, మంచిగున్నవా?" అనడం మొదలుపెట్టారు. మా అమ్మతో పదేళ్ళుగా మాటల్లేని మేనత్త జొన్నరొట్టెలు తెచ్చి, "గంత దూరం పోయొచ్చిన పిల్లగాడు, ఎట్ల చిక్కిండో" అని కళ్ళొత్తుకుంది. ఒకాయనైతే నన్ను పక్కకు పిలిచి, "మీ తాతా, మా తాతా ఒక్క తల్లికి పుట్టినట్టే ఉండేటోళ్ళు. వాటా లేకున్నా మంచిదే, జర యాదిలుంచుకో" అన్నాడు. 'అవి ద్రాక్షపండ్లు' అని నేను చెప్పిన ప్రతివాడూ కన్ను గీటి వెళ్ళిపోయాడు. నాయిన మాత్రం ఒక్కటే అడిగాడు, "రసమే గద?" అని. రసమే అన్నాను. ఆయన కన్ను గీటలేదు, అందుకే ఆ ఒక్కడి ముఖంలోకే చూడలేకపోయాను.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున జీపులొచ్చాయి. ఎవరు ఫోన్ చేశారో నేను అడగలేదు, మైకు కాక మాత్రం పొద్దున్నే ఉతికిన ధోతి కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఎస్సై దిగాడు, తహసీల్దారు దిగాడు (నేలలో దొరికినదంతా సర్కారుదేనట), వాళ్ళ వెనక, ఎందుకైనా మంచిదని తోడొచ్చిన ఒక ఎక్సైజ్ జవాను దిగాడు. అతన్ని చూడగానే నేను కాగు ఉన్న చోటికి అడ్డంగా జరిగాను. ఊరంతా పందిరి చుట్టూ చేరింది. చర్చి అయ్యగారు కూడా వచ్చి, నాయిన పక్కన తల దించుకుని నిలబడ్డాడు.

"లోపల ఏమున్నదిరా?" అన్నాడు ఎస్సై.

"ద్రాక్షపండ్లు సార్."

"పండ్లు భూమిల ఎందుకు పెట్టినవ్?"

"అక్కడ గట్లనే పెడ్తరు సార్."

"ఎక్కడ?"

"జార్జియాల."

ఎస్సై తహసీల్దారు వైపు తిరిగి, "అమెరికాల భూమిల పెడ్తరా సార్?" అన్నాడు. ఆయన తన పరిధిలోకి రాదన్నట్టు చూశాడు. తవ్వమన్నారు. ఉపాధి హామీ పనికి పిలిస్తే నడుము నొప్పులు చెప్పేవాళ్ళు ఆ రోజు పారల కోసం కొట్టుకున్నారు. మట్టి తీశారు, మైకు కాకా ఇంకొకాయనా చెరోవైపు పట్టి బండ లేపారు. లోపల నల్లగా, ఎర్రగా, చిక్కగా నిలిచి ఉంది.

"నెత్తురు!" అన్నాడు కాక.

ముందున్నవాళ్ళందరూ వెనకవాళ్ళయిపోయారు. లంకెబిందెలకు కాపలా నెత్తురేనని ఎవరో అన్నారు. బలిచ్చి నింపాడన్నారు. అప్పుడు కాకకు రెండు నెలల కింద తప్పిపోయిన గొర్రెపిల్ల గుర్తొచ్చి, అక్కడే కూలబడి ఏడుపు మొదలుపెట్టాడు. మా మేనత్త కొంగు నోటికడ్డం పెట్టుకుని, "చిన్నప్పటి సంది గీని చూపే మంచిది గాదు" అంది. (రొట్టెలు తిన్నానన్న కృతజ్ఞతైనా నాకు మిగలనివ్వలేదు.) ఎస్సై ముఖం మారిపోయింది. "సీసల పట్టుండ్రి. ల్యాబుకు పంపుదాం. వీన్ని జీపెక్కియ్యుండ్రి" అన్నాడు. నా పరిస్థితి చూడండి. నెత్తురు కాదని రుజువైతే వైను అని రుజువవుతుంది. వైను చెడిపోయి పులిసిపోయిందంటేనే నేను ఇంటికి పోతాను, పులిసిపోయిందంటే పందిరి పోతుంది. నెలల తరబడి వైను కావాలని మొక్కినవాణ్ణి, అక్కడ నిలబడి, 'ప్రభువా, ఎట్లయినా చెడగొట్టు' అని ప్రార్థించాను.

అప్పుడు నాయిన ముందుకొచ్చాడు. "గిలాసు పట్టుకరా" అన్నాడు అమ్మతో. అమ్మ స్టీలు గ్లాసు తెచ్చింది. ఎస్సై వద్దనేలోపే ఆయన గొయ్యి అంచున వంగి, నిండా ముంచుకుని లేచి నిలబడ్డాడు. చర్చిలో ప్రభు భోజనం ముందు మూసుకున్నట్టే కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి, ఏం ప్రార్థించాడో వినబడలేదు. తరవాత గ్లాసు ఎత్తి, ఆగకుండా, చివరి చుక్క దాకా తాగాడు.

నేను ఆయన ముఖం మీది నుంచి కళ్ళు తిప్పలేదు. కనుబొమలు ఒక్కసారి పైకి లేచాయి. లేచి, చాలాసేపు అక్కడే ఉన్నాయి. అంతకుమించి ఆ ముఖంలో నాకేమీ దొరకలేదు.

"ఏందది పెద్దాయనా?" అన్నాడు ఎస్సై.

నాయిన తువ్వాలుతో మీసం తుడుచుకున్నాడు. "ద్రాక్ష పులుసు సార్. చెడిపోయింది."

ఎక్సైజ్ జవాను మెడ సాచాడు. "నిషా ఏమన్న ఉన్నదా?"

"నిషా రావాల్నంటె చేసెటోనికి తెలివుండాలె సార్. మావోడు డాక్టర్ సదువు సగంల ఇడిసిపెట్టిండు. గిది గూడ గంతే."

ఊరంతా ఘొల్లుమంది. తహసీల్దారు నవ్వాడు, ఎస్సై నవ్వాడు, అయ్యగారు కూడా తల ఎత్తి నవ్వాడు. జీవితంలో మందు ముట్టని మనిషి నిషా లేదంటే ఇక లేనట్టేనని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. మందు ముట్టనివాడికి నిషా అంటే ఏమిటో తెలిసే దారేదని ఒక్కరికీ, జవానుకు కూడా, తోచలేదు. జవాను వంగి ఒకసారి వాసన చూడబోయాడు గానీ, కాక ఇంకా 'నా గొర్రెపిల్ల' అంటూ ఏడుస్తుండడంతో అతనికి ధైర్యం చాలలేదు. "మొత్తం పారబొయ్యిండ్రి, నా ముంగటనే" అన్నాడు ఎస్సై. బకెట్లతో తోడి పందిరి మొదళ్ళలోనే పోశారు. ఎవరూ చుక్క కూడా నాలుక మీద వేసుకోలేదు. చేసినవాణ్ణి నేనూ వేసుకోలేదు, వేసుకుంటే జీపెక్కేవాణ్ణి. చివర్న కాక కుండలోకి చెయ్యి పెట్టి అడుగంతా దేవి చూశాడు. తొక్కలూ గింజలూ వచ్చాయి. వాటిని కాసేపు అరచేతిలో పెట్టుకుని చూసి, పారేసి, నా వైపు తిరిగి కూడా చూడకుండా వెళ్ళిపోయాడు. నేను ఆయన్ని అంతగా మోసం చేస్తానని అనుకోలేదట.

జీపుల చప్పుడు వినబడకుండా పోయేదాకా నాయిన కదలకుండా నిలబడ్డాడు. ఆ తరవాత మంచం వైపు నడిచాడు. దారిలో లేని గడపను ఒకదాన్ని జాగ్రత్తగా దాటాడు. వసారాలో మంచం మీద పడుకుని, మాకెవ్వరికీ వినబడదనుకున్నాడేమో, ఒక కీర్తన ఎత్తుకున్నాడు. చర్చిలో ఎప్పుడూ పెదవులే కదిపే మనిషి, ఆ మధ్యాహ్నం రెండు చరణాలు గొంతెత్తి పాడి, మూడో చరణం మధ్యలో నిద్రపోయాడు. అమ్మ కంగారుపడింది. "పగటిపూట ఎన్నడు పండనిది, ఎండ దెబ్బనేమో చూడురా, సగమన్న సదివినవ్ గద" అంది. బయట తుంపర పడుతోంది. ఎండ దెబ్బేనమ్మా అన్నాను.

చీకటి పడుతుండగా లేచాడు. చెంబెడు నీళ్ళు తాగి, కాసేపు పందిరి వైపు చూస్తూ కూర్చున్నాడు. "జేసీబీ వానికి వద్దని చెప్పు" అన్నాడు.

"ఎందుకు నాయినా?"

"నీడుంటది."

"అది... ఎట్లుండె నాయినా?"

"పులుపు."

అంతే. ఆ తరవాత ఎన్నిసార్లడిగినా అంతే. నేను వికారాబాద్‌లో ఉద్యోగంలో చేరినప్పుడు, నా పెళ్ళయినప్పుడు, నాకు బిడ్డ పుట్టినప్పుడు, ఆయన కాస్త సంతోషంగా కనిపించిన ప్రతి సందర్భంలోనూ అడిగాను, పులుపు అన్నాడు. నా వైను తాగినవాడు భూమ్మీద ఆయనొక్కడే. ఆయన జీవితంలో తాగింది కూడా ఆ ఒక్క గ్లాసే, అదీ పోలీసుల సమక్షంలో, అయ్యగారి పక్కన.

మొన్న చలికాలంలో హైదరాబాద్‌లో ఒక షాపులో జార్జియా వైను కనబడింది. నేలలో పూడ్చిన కుండలో చేసిందని సీసా మీద రాసి ఉంది. కొనుక్కొచ్చి, మా ఆవిడ చూడకుండా ఒక గుక్క తాగాను. బాగుంది. బెబో ఇల్లు, ఆ గది, ఆ పాటలు అన్నీ ఒక్కసారిగా వచ్చి కూర్చున్నాయి. మిగిలిన సీసా పట్టుకుని ఆదివారం ఊరికి పోయాను. నాయిన పందిరికి కత్తిరింపు చేస్తున్నాడు. ఇప్పుడు చెయ్యి కొంచెం వణుకుతుంది, అయినా ఇంకొకరిని ముట్టనివ్వడు.

"నాయినా, గిది అక్కడి అసలు సరుకు. తాగకు, ఉత్తగ వాసన సూడు" అని మూత తీసి ఇచ్చాను.

ఆయన అటూ ఇటూ చూసి, సీసా మూతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కనుబొమలు లేస్తాయేమోనని చూశాను, లేవలేదు. సీసా నా చేతికిచ్చేసి, మళ్ళీ తీగ వైపు తిరిగాడు.

"నీదే నయముండె" అన్నాడు.

ఆసుపత్రి కౌంటరులో రోజుకు వందమందికి జవాబు చెప్పేవాణ్ణి, నెత్తిన జుట్టు పలచబడ్డవాణ్ణి, బడికి పోయే బిడ్డ ఉన్నవాణ్ణి, ఇంకోసారి చెప్పించుకోవాలని చిన్నపిల్లాడిలా దగ్గరికి జరిగాను.

"ఏమన్నవ్ నాయినా?"

"ఏమనలే. గా కత్తెర అందియ్యి."

అందించాను.